బడి కుక్కపిల్లకా, మనకా?

"ఏం చెయ్యదండీ, ఆయ్... రండి, రండి!"

అమలాపురంలోనైనా, రాజోలులోనైనా, కొత్తపేటలోనైనా సాయంత్రం పూట గేటు తీయగానే ఈమధ్య తరచుగా వినిపిస్తున్న మాట ఇది. ఆ మాట మన చెవిన పడేలోపే తెల్లటి ఉన్ని ఉండలాంటిది ఒకటి గుమ్మంలోంచి దూసుకొస్తుంది. గొంతు చించుకుని అరుస్తుంది. చీర కుచ్చిళ్లు నోట కరుచుకుంటుంది. వచ్చినావిడ గబుక్కున అరుగెక్కేస్తుంది. ఇంటావిడ నవ్వుతూ "చిన్నపిల్ల కదండీ, ఆడుకుంటోంది" అంటుంది. మొహమాటానికి వచ్చినావిడా నవ్వుతుంది. కానీ ఈసారి ఆ ఇంటికి వెళ్లాలంటే ముందుగా ఫోన్ చేసి "కట్టేశారా?" అని అడిగి మరీ బయల్దేరుతుంది.

ఇదే పని ఒక ఆల్సేషన్ చేసిందనుకోండి. నవ్వుతామా? ఆ రోజే ఎవరినో పిలిపించి దానికి క్రమశిక్షణ నేర్పించమంటాం. పెద్ద కుక్క చేస్తే తప్పు, చిన్న కుక్క చేస్తే ముద్దు! ఇదిగో, ఈ తేడా దగ్గరే మనం పొరబడుతున్నాం. చిన్నజాతి కుక్కపిల్లకి శిక్షణ ఎందుకన్న ప్రశ్నకు కూడా జవాబు ఇక్కడే ఉంది.

చిన్నజాతి కుక్కలు మన ఇళ్లకు కొత్తేం కాదు. 1994లో వచ్చిన హిందీ సినిమా 'హమ్ ఆప్‌కే హై కౌన్' మనకు 'ప్రేమాలయం'గా తెలుగులోకి వచ్చినప్పుడు, అందులోని టఫీని చూసి అలాంటి కుక్కపిల్ల కావాలని మారాం చేసిన పిల్లలు ఇప్పుడు తల్లిదండ్రులయ్యారు. మనం పమేరియన్ అని పిలుచుకునేవాటిలో చాలా వరకు నిజానికి ఇండియన్ స్పిట్జ్‌లే. ఆ తర్వాత 2003 నాటి హచ్ ప్రకటన పుణ్యమా అని పగ్ ఇంటింటికీ పరిచయమైంది. ఇప్పుడు షిట్జూలూ వస్తున్నాయి.

అయితే కోనసీమలో ఈ కుక్కపిల్లలు వస్తున్న దారి కొంచెం వేరు. పిల్లలు హైదరాబాద్‌లోనో, గల్ఫ్‌లోనో, అమెరికాలోనో ఉంటారు. చుట్టూ కొబ్బరితోట, మధ్యలో పెద్ద ఇల్లు, అందులో అమ్మానాన్నా ఇద్దరే. "మీకు తోడుగా ఉంటుందమ్మా" అంటూ పండక్కొచ్చిన కొడుకో కూతురో బుట్టలో పెట్టి తెచ్చి ఒళ్లో పెట్టేస్తారు. ఫొటోలు దిగుతారు. సెలవు అయిపోగానే వెళ్లిపోతారు. మిగిలేది కుక్కపిల్ల, దాని ఉచ్చలు తుడిచే అమ్మ! అరవై ఏళ్ల మోకాళ్లతో ఆవిడ దాని వెనక పరిగెత్తాలి. పాలబ్బాయికి సర్దిచెప్పుకోవాలి. కొబ్బరి దింపుకొచ్చినవాళ్లు "కుక్కని కట్టేస్తేనే లోపలికొస్తాం" అంటే కట్టేయాలి. చివరికి తోడు కోసం వచ్చినది పెరట్లో ఓ మూల గొలుసుకి శాశ్వతంగా కట్టుబడిపోతుంది. లేదా ఒక రోజు బండి మీద వెళ్లి, ఏ సంతలోనో దిగబడిపోతుంది. పెంచిన జంతువును అలా తిండీ నీళ్లూ లేక అల్లాడేలా వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. చట్టం సంగతి అలా ఉంచినా, మనసు ఒప్పుకునే పనేనా అది?

కాబట్టి శిక్షణ అంటే షోకు కాదు. ఆ కుక్కపిల్ల ఆ ఇంట్లో పదేళ్లకు పైగా మర్యాదగా బతకడానికి వేసే పునాది.

2010లో ఆస్ట్రియాలోని వియన్నా పరిశోధకులు వెయ్యిమందికి పైగా కుక్కల యజమానులను ప్రశ్నలడిగి ఒక అధ్యయనం చేశారు. చిన్న కుక్కలు మాట వినడంలో వెనకబడి ఉన్నాయనీ, చీటికిమాటికి రెచ్చిపోవడం, బెదిరిపోవడం వాటిలోనే ఎక్కువనీ తేలింది. దానికి కారణం పుట్టుకేనని తేల్చేయకండి. వాటితో యజమానులు వ్యవహరించే తీరు కూడా నిలకడగా లేదనీ, నేర్పడానికీ ఆడించడానికీ వాళ్లు కేటాయించే సమయం తక్కువనీ అదే అధ్యయనం చెప్పింది. అంటే పాఠం రాకపోవడంలో విద్యార్థి తప్పెంతో పంతుళ్ల తప్పూ అంతే!

మరి బడికి ఎప్పుడు పంపాలి? 'మొక్కై వంగనిది మానై వంగునా' అన్నది కుక్కపిల్ల విషయంలో అక్షరాలా నిజం. అమెరికాలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కుక్కపిల్లల్ని పరిశీలించి 1965లో ఒక పుస్తకం వెలువరించారు. పుట్టిన మూడో వారం నుంచి సుమారు మూడు నెలల వరకు కుక్కపిల్ల చూసినవి, విన్నవి, ముట్టుకున్నవి దానికి జీవితాంతం 'మనవి' అయిపోతాయన్నది వాళ్ల పరిశోధన సారాంశం. ఆ వయసులో గడ్డం తాతయ్యని, యూనిఫాం వేసుకున్న పోస్ట్‌మాన్‌ని, గొడుగుని, మోటార్ సైకిల్‌ని చూడని కుక్కపిల్ల పెద్దయ్యాక వాటిని చూస్తే మొరుగుతుంది. మొరిగేదంతా ధైర్యం కాదు, అందులో సగం భయమే! రెండు నెలలు నిండని పిల్లను అమ్మకూడదని మన దేశంలో 2017 నాటి నిబంధనలు చెబుతున్నాయి. అంటే పిల్ల మన ఇంటికొచ్చేసరికే ఆ కిటికీ సగం మూసుకుపోతోందన్నమాట. "ఆరు నెలలు నిండాక చూద్దాంలే" అనుకోడానికి లేదు.

అయితే టీకాలు పూర్తి కాకుండా నలుగురిలోకి ఎలా పంపడం అని సందేహం రావచ్చు. సబబైన సందేహమే. పార్వో జబ్బు కుక్కపిల్లల్ని రెండు మూడు రోజుల్లో మింగేస్తుంది. దాని వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది. ఈ రెండు అవసరాల మధ్యా మధ్యేమార్గం ఉంది. మొదటి విడత టీకా వేసి కనీసం వారం గడిచాక, ఆరోగ్యంగా ఉన్న పిల్లను శుభ్రమైన చోట జరిగే తరగతికి పంపొచ్చని అమెరికాలోని పశు ప్రవర్తన వైద్యుల సంఘం 2008లో సూచించింది. మిగతా విడతలు మాత్రం పశువుల డాక్టరు చెప్పిన తేదీలకు తప్పకుండా పడాలి. వీధి కుక్కలు తిరిగే మైదానంలో తరగతి నడిపేవారి దగ్గరకు టీకాలన్నీ పూర్తికాకుండా తీసుకెళ్లకండి. ఇంకో సంగతి... మీ పిల్ల టీకా కార్డు చూపించమని అడగని ట్రైనర్ పక్కవాళ్ల పిల్ల కార్డు కూడా అడగడు. అలాంటి చోటుకి దూరంగా ఉండటమే మేలు.

ఇక తరగతిని ఎంచుకోవడం ఎలా? శిక్షణ అనగానే మన ముందుకు వచ్చే దారులు మూడు. పిల్లను నెలో రెండు నెలలో తమ దగ్గరే ఉంచుకుని 'తయారు చేసి' పంపిస్తామనేవాళ్లు ఒక రకం. ఇంటికొచ్చి నేర్పేవాళ్లు రెండో రకం. నలుగురు యజమానులు తమ పిల్లలతో వచ్చి కలిసి నేర్చుకునే తరగతి మూడోది. ఈ మూడో పద్ధతికి పేరు తెచ్చినవారిలో ముఖ్యుడు ఇయాన్ డన్‌బార్ అనే పశువైద్యుడు. 1980ల మొదట్లో కాలిఫోర్నియాలో ఆయన కుక్కపిల్లల తరగతులు మొదలుపెట్టాడు.

మొదటి దారి హాయిగా కనిపిస్తుంది. డబ్బు కట్టి, పిల్లను అప్పగించి వచ్చేస్తే సరి! కానీ ఒక్క క్షణం ఆలోచించండి. మన పోలీసు శాఖలో జాగిలాల సంగతి చూడండి. కుక్కను ఒక్కదాన్నే శిక్షణకు పంపరు. దాన్ని చూసుకోబోయే కానిస్టేబుల్ కూడా వెళ్లి దానితో పాటే నెలల తరబడి శిక్షణ పొందుతాడు. బాంబులు పసిగట్టే కుక్కకే చేయి మారితే చదువు పనికిరాదని వాళ్లకు తెలుసు. మరి మన ఇంటి చిట్టి కుక్క ట్రైనర్ చేతిలో నేర్చుకున్నది మన చేతిలో ఎందుకు చేస్తుంది? అదీ కాక అక్కడ దాన్ని కొట్టారో, పస్తు పెట్టారో మనకు తెలిసే దారి లేదు. నోరు లేని పిల్ల వచ్చి చెప్పుకోదు. కళ్ల ముందు జరగని శిక్షణకు పిల్లను అప్పగించకపోవడమే క్షేమం. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టు, ట్రైనర్ని పట్టుకుని పెంపకం ఈదలేం.

అందుకే ఎంచుకునేటప్పుడు చూడాల్సిన మొదటి లక్షణం ఒకటే. అక్కడ మిమ్మల్ని కూర్చోబెట్టి నేర్పుతున్నారా, లేదా? తరగతిలో ఎక్కువసేపు మీ చేతులతో మీరే చేయాలి. ట్రైనర్ పక్కన నిలబడి దిద్దాలి. అలాంటి చోటు దొరికితే సగం పని అయిపోయినట్టే.

డబ్బు కట్టే ముందు ఒక రోజు కుక్కపిల్ల లేకుండా వెళ్లి చూసి రండి. చూడనివ్వకపోతే అక్కడికక్కడే వెనక్కి తిరగండి. చూడనిస్తే కుక్కల తోకల వంక చూడండి. తోకలు ఊగుతున్నాయా, కాళ్ల మధ్యకు ముడుచుకున్నాయా? ట్రైనర్ చెయ్యెత్తితే అవి ఆశగా చూస్తున్నాయా, నేలకు కరుచుకుపోతున్నాయా? అర్హత పత్రాలు ఎన్ని గోడకు తగిలించినా దీన్ని మించిన సాక్ష్యం లేదు. ఒక తరగతిలో ఎన్ని పిల్లలున్నాయో లెక్కపెట్టండి. ఒక్క మనిషి పదిహేను పిల్లల్ని చూస్తున్నాడంటే దేన్నీ సరిగ్గా చూడటం లేదనే. "పది రోజుల్లో గ్యారంటీగా మార్చేస్తాం" అనేవాళ్లను నమ్మకండి. పది రోజుల్లో మారేది భయంతోనే మారుతుంది.

కొట్టడం గురించి ఇక్కడే రెండు మాటలు చెప్పుకోవాలి. మన గోదారి ఒడ్డున, రాజమహేంద్రవరంలో కూర్చుని నన్నయ తెలుగు చేసిన భారతం మొదట్లోనే ఒక కుక్కపిల్ల కథ ఉంది, గుర్తుందా? జనమేజయుడు యాగం చేస్తుంటే సారమేయుడనే కుక్కపిల్ల ఆడుకుంటూ అటు వెళ్లింది. రాజు తమ్ముళ్లు దాన్ని కొట్టారు. అది ఏడుస్తూ వెళ్లి తల్లి సరమకు చెప్పుకుంది. ఆ తల్లి నేరుగా రాజు దగ్గరికే వచ్చి నిలదీసింది. ఏ పాపం ఎరగని బిడ్డను జాలి లేకుండా కొట్టారు గనక ఊహించని భయాలు వచ్చి మీద పడతాయని హెచ్చరించి వెళ్లిపోయింది. అంత పెద్ద గ్రంథం ఒక కుక్కపిల్ల తిన్న దెబ్బతో మొదలవుతుంది! ఈనాటి శాస్త్రం కూడా సరమ పక్షానే ఉంది. ఇందాక చెప్పుకున్న వియన్నా అధ్యయనంలోనే, తరచూ శిక్షలు పడే కుక్కల్లో దూకుడూ చిరాకూ ఎక్కువని తేలింది. చిన్న కుక్కల్లోనైతే భయమూ బెంగా కూడా ఎక్కువే. మూతి నేలకు రుద్దడం, పేపరు చుట్టి కొట్టడం, గొంతు బిగిసే గొలుసు లాగడం... ఇవి కనిపించిన తరగతి ఎంత చవకైనా మనకొద్దు. మంచి పని చేసిన క్షణంలోనే తాయిలం ఇచ్చి, మెచ్చుకుని నేర్పే చోటే మనకు కావలసింది.

చిన్నజాతి కాబట్టి అదనంగా చూడాల్సినవి మరికొన్ని ఉన్నాయి. మొదటిది మెడ. పమేరియన్ లాంటి చిన్న కుక్కల్లో శ్వాసనాళం మెత్తబడి అణిగిపోయే జబ్బు ఎక్కువ. మెడకు బెల్టు వేసి గుంజితే దగ్గు పట్టుకుంటుంది. ఛాతీ చుట్టూ వేసే బెల్టుతో నేర్పేవాళ్లను ఎంచుకోండి. రెండోది తోటివాళ్లు. రెండు కిలోల పిల్లను ఇరవై కిలోల లాబ్రడార్‌తో కలిపి వదిలితే పెద్దది ఆటగా వేసిన పంజాకే చిన్నదాని ఎముక విరగొచ్చు. చిన్నవాటికి వేరుగా చోటు, వేరుగా ఆట సమయం ఉందా అని అడగండి. మూడోది ఆకలి. బుల్లి పిల్లలు ఎక్కువసేపు ఖాళీ కడుపుతో ఉంటే రక్తంలో చక్కెర పడిపోయి సోలిపోతాయి. "తిండి పెట్టకుండా తీసుకురండి, అప్పుడే మాట వింటుంది" అనే సలహా వీటికి ప్రమాదం. నాలుగోది మన వాతావరణం. కోనసీమ ఉక్కపోతలో ఒత్తు బొచ్చున్న స్పిట్జ్‌నీ, నొక్కు ముక్కున్న పగ్‌నీ పట్టపగలు నిలబెట్టి పాఠం చెప్పడం తగదు. ఉదయమో, చల్లబడ్డాకో పెట్టే తరగతే మంచిది.

"ఇవన్నీ చూసుకోడానికి మా ఊళ్లో అసలు తరగతి ఉండాలి కదండీ!" అంటారు చాలామంది. నిజమే. లంక గ్రామంలో ఉన్న ఇల్లాలు ప్రతి వారం పిల్లను చంకనేసుకుని కాకినాడకో, రాజమండ్రికో వెళ్లిరావడం అయ్యేపని కాదు. అలాంటప్పుడు ఇంటికొచ్చి నేర్పేవారిని పిలిపించుకోవచ్చు. షరతులన్నీ అవే. మీ ఎదుటే నేర్పాలి, మీకూ నేర్పాలి. అదీ కుదరకపోతే టీకాలు వేసే పశువుల డాక్టర్ని అడిగి నాలుగు మాటలు తెలుసుకుని, ఇంటినే బడి చేసుకోవచ్చు. ఎందుకంటే ఎంత గొప్ప తరగతైనా వారానికి గంట. మిగతా వారమంతా పాఠశాల మన వంటింటి గుమ్మమే!

ఇంటి బడికి పెద్ద సరంజామా అక్కర్లేదు. రోజుకి మూడు నాలుగు సార్లు, సారికి ఐదు నిమిషాలు చాలు. ఉప్పూకారం లేకుండా ఉడికించిన కోడిమాంసాన్ని శనగ గింజంత ముక్కలు చేసి దగ్గర పెట్టుకోండి. పూతరేకులు, చాక్లెట్లు, ద్రాక్ష, ఉల్లిపాయ తగిలిన కూర ముక్కలు మాత్రం వద్దు. పేరు పిలిస్తే రావడం, కూర్చోవడం, నోట్లోది వదిలేయడం, గేటు దగ్గర ఆగడం, ఒళ్లంతా తడిమితే ఊరుకోవడం... ఈ ఐదూ వస్తే మీ కుక్కపిల్ల డిగ్రీ పాసైనట్టే. గేటు దగ్గర ఆగడం మన ప్రాంతంలో మరీ ముఖ్యం. గేటు దాటితే రోడ్డు, రోడ్డు దాటితే కాలువ!

అన్నిటికంటే కష్టమైన పాఠం మాత్రం కుక్కపిల్లకి కాదు, ఇంటిల్లిపాదికీ. చాలా ఇళ్లల్లో కుక్కతో ఎలా మాట్లాడతారో గమనించారా? ఎవరితోనూ ఇంగ్లీషు ముక్క మాట్లాడని తాతగారు కుక్కతో మాత్రం "కమాన్, సిడ్డౌన్" అంటారు. అమ్మ "కూకో" అంటుంది. మనవడు "సిట్" అంటాడు. నాయనమ్మ "ఛీ, పో అవతలకి" అంటూనే అప్పడం ముక్క వేస్తుంది. పాపం, అది ఎవరి మాట వినాలి? కుక్కకి ఇంగ్లీషూ రాదు, తెలుగూ రాదు. ఒక శబ్దానికి ఒక అర్థం అని మాత్రమే దానికి తెలుసు. 'కూర్చో' అనే అనుకుంటే ఇంట్లో అందరూ 'కూర్చో' అనే అనాలి. ఆ మాటలు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి. సోఫా ఎక్కకూడదంటే ఆదివారం కూడా ఎక్కకూడదు.

ఇంకో మాట కూడా నిర్మొహమాటంగా చెప్పుకోవాలి. కుక్కపిల్లని ముద్దు చేయడం అందరి వంతూ, నేర్పడం, తుడవడం, తిప్పడం ఇల్లాలి వంతూ కావడం న్యాయం కాదు. తెచ్చినవాళ్లూ తరగతికి రావాలి. దూరాన ఉన్న పిల్లలు తోడుగా కుక్కపిల్లను ఇవ్వాలనుకుంటే ముందు అమ్మను అడగాలి. ఆమె ఒప్పుకుంటే పిల్లతో పాటు శిక్షణ ఖర్చు, టీకాల ఖర్చు, మొదటి నెల రోజులు దగ్గరుండే తీరిక కూడా ఇవ్వాలి. అలా ఇవ్వలేకపోతే ఇంటికి తరచుగా వస్తూ పోతూ ఉండటమే అంతకన్నా మంచి తోడు.

చివరిగా, "చిన్నది కదా, కరిస్తే ఏమవుతుంది" అనుకునేవారికి ఒక హెచ్చరిక. రేబీస్‌కి కుక్క సైజుతో పని లేదు. ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది ఈ జబ్బుతో చనిపోతున్నారనీ, వారిలో మూడో వంతుకు పైగా మన దేశంవారేననీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పిల్లకు మూడు నెలలు నిండగానే రేబీస్ టీకా వేయించి, డాక్టరు చెప్పిన ప్రకారం తర్వాతి డోసులూ క్రమం తప్పకుండా వేయించాలి. ఎవరినైనా పన్ను గీరినా సరే, పసుపూ కారం అద్దకుండా ధారగా పడే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. "మా కుక్కే కదా" అనే ధీమా వద్దు.

దీపావళి టపాసులకు మంచం కింద దూరి వణికే కుక్కపిల్లనీ, కనుమ నాడు ప్రభల తీర్థం డప్పులు వినపడుతున్నా అరుగు మీద నింపాదిగా పడుకున్న కుక్కపిల్లనీ పక్కపక్కన ఊహించుకోండి. ఆ తేడాలో చాలా భాగం చిన్నప్పుడు దక్కిన ఓపికే.

రేపు సాయంత్రం మీ గేటు దగ్గర ఎవరైనా నిలబడితే "ఏం చెయ్యదండీ, రండి" అనకండి. "ఒక్క నిమిషం ఆగండి, కూర్చోబెట్టి తీస్తాను" అనండి. కుక్కపిల్ల కూర్చుంటుంది. వచ్చినావిడ భయం లేకుండా లోపలికొస్తుంది. మళ్లీ వస్తుంది కూడా.